జవాబుకు పూచీ: న్యూమరికల్ మెథడ్స్ కోర్సులో హోమ్‌వర్కు, మార్కులు



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ మాస్టారు ఉపోద్ఘాతాలు ఓపిగ్గా వినేవారు కాదు. "లెక్కేమిటో చెప్పవయ్యా" అనేవారు. అందుకని లెక్కతోనే మొదలుపెడతాను.

రెండు సమీకరణాలు. మొదటిది: 0.780 ఎక్స్ + 0.563 వై = 0.217. రెండోది: 0.913 ఎక్స్ + 0.659 వై = 0.254. ఎక్స్, వై కనుక్కోవాలి. ఒక అబ్బాయి ఎక్స్ = 0.999, వై = −1.001 అని రాసి తెచ్చాడు. ఒక అమ్మాయి ఎక్స్ = 0.341, వై = −0.087 అని రాసి తెచ్చింది. పది మార్కుల ప్రశ్న. ఎవరికి ఎన్ని వేస్తారు?

కీ ముందు పెట్టుకుని దిద్దేవారికి సందేహమే రాదు. కీలో ఎక్స్ = 1, వై = −1 అని ఉంటుంది. అబ్బాయి జవాబు దాని పక్కనే ఉంది. అమ్మాయి జవాబుకూ దానికీ పోలికే లేదు. సరే, ఇప్పుడు ఇద్దరి జవాబుల్నీ తిరిగి ఆ సమీకరణాల్లో పెట్టి చూడండి. అబ్బాయి అంకెలు పెడితే మొదటి దాంట్లో 0.001343, రెండో దాంట్లో 0.001572 తేడా వస్తుంది. అమ్మాయి అంకెలు పెడితే మొదటి దాంట్లో వచ్చే తేడా 0.000001. రెండో దాంట్లో తేడా లేనే లేదు. జవాబును సరిచూసుకోవాలంటే సమీకరణంలో పెట్టి చూడమని హైస్కూల్లోనే మనం నేర్పాం. ఆ పరీక్షలో అమ్మాయిది గెలిచింది, అబ్బాయిది ఓడింది.

కారణం తెలుసుకోవడం కష్టం కాదు. ఈ రెండు సమీకరణాలూ గీసే గీతలు దాదాపు ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. డిటర్మినెంట్ కట్టి చూస్తే 0.514020 లోంచి 0.514019 పోగా 0.000001 మిగులుతుంది. ఇలాంటి చోట ఇచ్చిన అంకెల్లో మూడో దశాంశం అటూ ఇటూ అయినా జవాబు ఎక్కడికో పోతుంది. న్యూమరికల్ అనాలిసిస్ చెప్పేవారు ఎంతోకాలంగా వాడుతున్న ఉదాహరణే ఇది. నేను దీన్ని మార్కుల ప్రశ్నగా మీ ముందు పెడుతున్నాను. ఈ ఇద్దరిలో ఎవరైనా సరే, జవాబు కింద "డిటర్మినెంట్ పది లక్షల్లో ఒక వంతే ఉంది, ఇచ్చిన అంకెలు మూడు దశాంశాలకే కచ్చితమైతే ఈ జవాబుని నమ్మడానికి లేదు" అని ఒక వాక్యం రాసి ఉంటే వాళ్లకు నేను తొమ్మిది మార్కులు వేస్తాను. ఆ వాక్యం లేకుండా 1, −1 అని కచ్చితంగా రాసినవాడికి ఆరు.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే. ఈ కోర్సులో జవాబు ఒక్కటే రాస్తే సగం పని అయినట్టు. ఆ జవాబులో ఎన్ని అంకెలు నమ్మవచ్చు, ఎందుకు నమ్మవచ్చు అన్నదానికి విద్యార్థి పూచీ పడాలి. మనం మార్కులు వేయవలసింది ఆ పూచీకి. హోమ్‌వర్కు ఎలా ఇవ్వాలి, ఆలస్యమైతే ఏం చేయాలి, కలిసి చేసుకోవచ్చా, గ్రేడు ఎలా కట్టాలి అన్నవన్నీ దాన్నుంచే తేలతాయని నా నమ్మకం.

మన దగ్గర ఈ కోర్సు ఎలా నడుస్తుందో ఇక్కడున్నవారికి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంజనీరింగ్‌లోనూ, బీఎస్సీలోనూ, ఎమ్మెస్సీలోనూ ఏదో ఒక సెమిస్టర్‌లో ఎదురవుతుంది. బైసెక్షన్, న్యూటన్–రాఫ్సన్, గాస్ ఎలిమినేషన్, లగ్రాంజ్ ఇంటర్‌పొలేషన్, సింప్సన్ సూత్రం, రంగె–కుట్టా. రెండు మిడ్‌లు, ఆఖర్న సెమిస్టర్ పరీక్ష. చాలా కళాశాలల్లో చాలాకాలం 75 మార్కులు సెమిస్టర్ పరీక్షవి, 25 ఇంటర్నల్స్‌వి. ఆ 25లో అసైన్‌మెంట్ వంతు 5. ఆ అయిదూ దాదాపు అందరికీ పడతాయి. మిడ్‌కు ముందు ప్రశ్నలు ఇస్తారు, క్లాసులో ఒకరిద్దరు చేస్తారు, రాత్రి హాస్టల్లో ఆ కాగితాలు గది గదికీ తిరుగుతాయి, తెల్లారి అరవై మంది ఒకే అక్షరదోషంతో సహా సబ్మిట్ చేస్తారు. మనం చూసి సంతకం పెడతాం.

పిల్లలు కాపీ కొడుతున్నారని మన స్టాఫ్ రూముల్లో బాధపడతాం. ఆ బాధ నిజమైనదే. కానీ మనం ఇచ్చిన ప్రశ్నను ఒకసారి చూడండి. ఎక్స్ ఘనం − 2 ఎక్స్ − 5 = 0 అనే సమీకరణానికి న్యూటన్–రాఫ్సన్ పద్ధతిలో మూడు దశాంశాల వరకు మూలం కనుక్కోండి. ఈ ప్రశ్న మన పాఠ్యపుస్తకాల్లో ఉంది, పాత ప్రశ్నపత్రాల్లో ఉంది. 1669లో న్యూటన్ తన పద్ధతిని వివరించడానికి తీసుకున్నది కూడా అచ్చంగా ఈ సమీకరణమే. మూడున్నర శతాబ్దాలుగా జవాబు లోకానికి తెలిసిన ప్రశ్న అది. 2.0946 అన్న అంకె ఫోన్‌లో దొరుకుతుంది, సీనియర్ నోట్సులో దొరుకుతుంది, ఇప్పుడైతే చాట్‌బాట్ అన్ని మెట్లతో సహా రాసి ఇస్తుంది. జవాబు మాత్రమే అడిగే ప్రశ్నకు జవాబు మాత్రమే తెచ్చి ఇచ్చిన పిల్లవాడు మనం అడిగింది చేశాడు.

న్యూటన్ సమీకరణాన్ని పారేయమని నేను అనడం లేదు. దాన్నే పెట్టి ఇంకోటి అడగమంటున్నాను. 2 దగ్గర మొదలుపెడితే ఫంక్షన్ విలువ −1, అవకలజం 10. తర్వాతి అంచనా 2.1. అక్కడ ఫంక్షన్ విలువ 0.061, అవకలజం 11.23, తర్వాతి అంచనా 2.0945681. ఇక్కడ ఆపేయాలి. ఇప్పుడు ప్రశ్న: ఇంకో మెట్టు వేయకుండా, పుస్తకం చూడకుండా, ఈ 2.0945681లో ఎన్ని అంకెలు సరైనవో చెప్పు. ఏ మెట్టులోనైనా మిగిలే దోషం, అంతకుముందు దోషపు వర్గాన్ని రెండో అవకలజంలో సగంతో గుణించి మొదటి అవకలజంతో భాగిస్తే వచ్చేదానికి దగ్గరగా ఉంటుందని క్లాసులో చెప్పాం కదా. 2.1 దగ్గర రెండో అవకలజం 12.6. చివరి మెట్టు పొడవు 0.00543. దాని వర్గం 0.0000295. గుణకారం చేస్తే 0.0000166 వస్తుంది. అంటే నాలుగు దశాంశాలు నమ్మవచ్చు, అయిదో దశాంశంలో రెండు దాకా తేడా ఉండవచ్చు. నిజమైన మూలం 2.0945515. తేడా సరిగ్గా 0.0000166. ఈ లెక్క తన చేత్తో కట్టి, తర్వాత ఇంకో మెట్టు వేసి, తన జోస్యం నిజమవడం చూసిన పిల్ల ముఖం ఒక్కసారి చూసిన టీచరు మళ్లీ పాత ప్రశ్న ఇవ్వలేడు.

ఇలాంటి హోమ్‌వర్కు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే మార్కుల విధానం అంతా ప్రశ్న నాణ్యత మీదే నిలబడుతుంది. ప్రశ్న పేలవమైనదైతే ఏ నిబంధనా దాన్ని కాపాడలేదు.

సైన్ ఫంక్షన్‌కు 1 దగ్గర అవకలజం కట్టమని ఇవ్వండి. 1 దగ్గర, 1 + హెచ్ దగ్గర వచ్చే రెండు విలువల తేడాను హెచ్‌తో భాగించడమే పని. హెచ్‌ను 0.1తో మొదలుపెట్టి ప్రతిసారీ పదో వంతుకు తగ్గిస్తూ పదిహేను సార్లు చేయమనండి. హెచ్ తగ్గేకొద్దీ జవాబు మెరుగవుతుందని కాల్‌క్యులస్ క్లాసులో నేర్చుకున్నాం. మొదటి ఎనిమిది వరుసల వరకూ అలాగే జరుగుతుంది. హెచ్ పది కోట్లలో ఒక వంతు దగ్గరకు వచ్చేసరికి దోషం దాదాపు అడుగంటుతుంది. ఆ తర్వాత పెరగడం మొదలవుతుంది, పదిహేనో వరుసకు జవాబు అక్కరకు రాకుండా పోతుంది. దాదాపు సమానమైన రెండు సంఖ్యల్ని తీసివేసినప్పుడు ముందరి అంకెలు కొట్టుకుపోయి, కంప్యూటరు రౌండ్ చేసిన తోక అంకెలు మిగులుతాయి. హెచ్ చిన్నదైనకొద్దీ ఆ తోకను మనం పెద్ద సంఖ్యతో గుణిస్తున్నట్టే. పట్టికకు రెండు మార్కులు, గ్రాఫుకు రెండు, "ఎనిమిదో వరుస దగ్గరే ఎందుకు మలుపు తిరిగింది?" అన్న దానికి ఆరు. పట్టిక స్నేహితుడి దగ్గర తెచ్చుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఆరు మార్కులు పట్టికలో లేవు.

మరొకటి. ‘ఈ’ (e) అనే సంఖ్య మైనస్ ఇరవయ్యో ఘాతాన్ని, అంటే సుమారు 48 కోట్లలో ఒక వంతును, టేలర్ శ్రేణి పదాలు కలుపుతూ కట్టమనండి. మధ్యలో పదాల పరిమాణం నాలుగు కోట్లు దాటుతుంది. మామూలు డబుల్ ప్రెసిషన్‌లో కంప్యూటరు దాదాపు పదహారు అంకెలే పట్టుకోగలదు. కోట్లలో ఉన్న ప్లస్సులూ మైనస్సులూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాక మిగిలినదాంట్లో ఒక్క అంకె కూడా నమ్మడానికి ఉండదు. ప్లస్ ఇరవయ్యో ఘాతాన్ని అదే శ్రేణితో కట్టి, దాంతో ఒకటిని భాగిస్తే చక్కటి జవాబు వస్తుంది. గణితంలో రెండూ ఒకటే. యంత్రం మీద ఒకటి కావు. స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ సైన్స్ విభాగాన్ని నెలకొల్పిన జార్జ్ ఫోర్సైత్ 1970లో గణిత పుస్తకం ఒక్కటే ఎందుకు చాలదో చెబుతూ ఒక వ్యాసం రాశాడు. అందులో ఈ జాతి ఉదాహరణే ఉంది. గణితం ఎమ్మెస్సీ చదివిన ప్రతి ఒక్కరూ చదవదగిన వ్యాసం.

ఇక దిద్దడం సంగతి. 1910ల్లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే జామెట్రీ జవాబుపత్రాన్ని నూరుమందికి పైగా టీచర్లకు పంపించి దిద్దించారు. 30కి లోపు వేసినవారున్నారు, 90 దాటించినవారున్నారు. గణితంలో తప్పొప్పులు స్పష్టంగా ఉంటాయి కాబట్టి మార్కులూ స్పష్టంగానే పడతాయన్న మన ధీమాను ఆ ప్రయోగం కదిలించింది. తేడా ఎక్కడ వస్తుంది? ఎక్కువగా పాక్షిక మార్కుల దగ్గర. మన భాషలో స్టెప్ మార్కులు.

దీనికి మన సబ్జెక్టులోనే ఒక వెలుగు ఉందని మాస్టారు చెప్పేవారు. నాకు ఆయన ఇచ్చిన వాటిలో ఇదే గొప్పదని అనుకుంటాను. ఇంగ్లండులో టెడింగ్టన్ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో 1946 ప్రాంతంలో ఫాక్స్, గుడ్విన్, ట్యూరింగ్, విల్కిన్సన్ నలుగురూ కలిసి 18 సమీకరణాల లెక్కను డెస్క్ కాల్‌క్యులేటర్ల మీద గాస్ ఎలిమినేషన్‌తో చేశారు. మెట్టు మెట్టుకూ చేసే రౌండింగ్ పెరిగి పెరిగి జవాబును ముంచేస్తుందని అప్పట్లో పెద్దలకే భయం. పనంతా అయ్యాక వాళ్లు జవాబును తిరిగి మొదటి సమీకరణాల్లో పెట్టి చూశారు. తేడాలు అనుకున్నదానికన్నా ఎంతో చిన్నవి. ఎందుకలా అయిందని ఆలోచిస్తూ పోయిన జేమ్స్ విల్కిన్సన్, తర్వాతి సంవత్సరాల్లో బ్యాక్‌వర్డ్ ఎర్రర్ అనాలిసిస్‌ను తీర్చిదిద్దాడు. 1970లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆ ఆలోచన సారం చాలా సరళం. కట్టిన జవాబు అసలు జవాబుకు ఎంత దూరంలో ఉందని అడగవద్దు. ఈ జవాబు ఏ లెక్కకు కచ్చితమైన జవాబు అవుతుంది, ఆ లెక్క మనం ఇచ్చిన లెక్కకు ఎంత దగ్గరలో ఉంది అని అడగాలి.

జవాబుపత్రం దిద్దేటప్పుడు ఈ ప్రశ్నే వేసుకోండి. ప్రశ్నలో 3 ఉన్నచోట 8 అని ఎక్కించుకుని, ఆ తర్వాత ప్రతి మెట్టూ నిక్కచ్చిగా చేసిన పిల్లవాడు వేరే లెక్కకు కచ్చితమైన జవాబు ఇచ్చాడు. ఆ వేరే లెక్క మన లెక్కకు ఒక్క అంకె దూరంలో ఉంది. వాడికి పదికి ఎనిమిది రావాలి. ఇంకొకడు మధ్యలో రెండు తప్పులు చేసి, చివర కీలోని అంకె వచ్చేలా సర్దాడు. వాడి కాగితం మీద ఉన్న మెట్లు ఏ లెక్కకూ జవాబు కావు. వాడికి మూడు. చివరి అంకె చూసి టిక్కు పెట్టే వాల్యుయేషన్‌లో వీళ్లిద్దరి మార్కులూ తారుమారవుతాయి. స్పాట్ వాల్యుయేషన్ క్యాంపులో బండిల్ తర్వాత బండిల్ దిద్దేవారి అలసట నాకు తెలుసు. అందుకే స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్ రాసేవారిదే ఈ బాధ్యత. తొలి మెట్టులో జరిగిన పొరపాటుకు ఒకసారే కోత, తర్వాతి మెట్లను విద్యార్థి అంకెలతోనే సరిచూడాలి అన్న వాక్యం స్కీమ్‌లో అచ్చయి ఉండాలి. ఒక ప్రశ్నను అందరి పత్రాల్లోనూ ఒకరే దిద్దితే ఇంకా మంచిది.

ఆలస్యం గురించి పెద్దగా చెప్పేది లేదు. సెమిస్టర్ మొత్తానికి ప్రతివారికీ నాలుగైదు రోజుల గడువు ముందే ఇచ్చేయండి. ఎప్పుడు వాడుకుంటారో వాళ్ల ఇష్టం, కారణం అడగవద్దు. జ్వరం సర్టిఫికెట్ల కోసం పిల్లల్ని ఆర్‌ఎంపీ డాక్టర్ల చుట్టూ తిప్పడం అధ్యాపకుల పని కాదు. కలిసి చేయడం గురించి కూడా నియమం ఒక్కటే చాలు: బోర్డు దగ్గర ఎంతసేపైనా వాదించుకోండి, బోర్డు చెరిపేయండి, ఎవరి గదికి వాళ్లు పోయి ఎవరి ప్రోగ్రాం వాళ్లు రాసుకోండి, ఎవరితో మాట్లాడారో పైన పేరు రాయండి. పేరు రాసినందుకు మార్కు తగ్గదు. తోటివాడు వెనకబడితేనే తనకు గ్రేడు పెరిగే రిలేటివ్ గ్రేడింగ్ ఉన్నచోట మాత్రం ఈ నియమం బతకదు. పక్కవాడికి చెప్పిన ప్రతి మాటా తనకు నష్టమైనప్పుడు ఏ పిల్లవాడు నోరు విప్పుతాడు? ఈ కోర్సుకు గ్రేడు హద్దులు మొదటి రోజే ప్రకటించాలి, మార్చకూడదు.

అన్నిటికన్నా తక్కువ వచ్చిన అసైన్‌మెంట్‌ను లెక్కలోంచి తీసేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. దయగల పద్ధతి. కానీ దాన్ని అమలు చేసే తీరులో ఒక చిక్కుంది. ఒక విద్యార్థికి మూడు అసైన్‌మెంట్లు: 100కి 90, 100కి 30, 20కి 2. శాతం ప్రకారం అన్నిటికన్నా తక్కువ మూడోది, 10 శాతం. దాన్ని తీసేస్తే 200కి 120, అంటే 60 శాతం. దాని బదులు రెండోదాన్ని తీసేస్తే 120కి 92, దాదాపు 77 శాతం. తక్కువ శాతం వచ్చినదాన్ని తీసేయడమే పిల్లవాడికి మేలని అందరూ అనుకుంటారు, అది నిజం కాదు. మొత్తం మార్కులు వేర్వేరుగా ఉన్నప్పుడు, ఒకటికి మించి తీసేసేటప్పుడు, ఏవి తీసేయాలన్నది నిజంగా ఆలోచించవలసిన అల్గారిథం ప్రశ్న. డేనియల్ కేన్, జొనాథన్ కేన్ దాని మీద 2006లో ఒక గణిత పత్రికలో వ్యాసమే రాశారు. అన్ని అసైన్‌మెంట్లనూ ఒకే మొత్తానికి పెట్టుకుంటే ఒకటి తీసేసేటప్పుడు ఈ చిక్కు ఉండదు. మన సబ్జెక్టు తెలిసినవారే మార్కుల నిబంధనలు రాయాలని నేను అనడానికి ఇదొక కారణం.

ఇంకా పెద్ద కారణం రౌండింగ్.

1982 జనవరిలో కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజి తన సూచీని 1000తో మొదలుపెట్టింది. రోజుకు వేల సార్లు సూచీని తిరగకట్టి, ప్రతిసారీ మూడో దశాంశం తర్వాత ఉన్నదాన్ని కోసేసేవారు, రౌండ్ చేసేవారు కాదు. ప్రతిసారీ పోయేది వెయ్యింట ఒక వంతు కన్నా తక్కువే, కానీ ఎప్పుడూ ఒకే దిక్కుకు పోయేది. 1983 నవంబరు చివరికి సూచీ 524.811 చూపిస్తోంది. సరిగ్గా కడితే 1098.892 ఉండాలి. ఈ కథ మనం ప్రతి సంవత్సరం క్లాసులో చెబుతాం. మధ్యలో రౌండ్ చేయవద్దు, చివర ఒక్కసారే చేయండి అని పిల్లలకు నూరిపోస్తాం.

ఆ పిల్లల మార్కుల మెమో దగ్గరకు వచ్చేసరికి మనం ఏం చేస్తున్నాం? మిడ్ సగటును రౌండ్ చేస్తాం. ఇంటర్నల్స్‌ను రౌండ్ చేస్తాం. మొత్తం మార్కును గ్రేడు పాయింటుగా మార్చడం అన్నిటికన్నా మోటు రౌండింగ్, పది మార్కుల వెడల్పుది. తర్వాత ఆ రౌండ్ చేసినవాటికి సగటు కట్టి సీజీపీఏ అని రెండు దశాంశాలు రాస్తాం. 70 నుంచి 79 వరకు 8 పాయింట్లు, 80 నుంచి 89 వరకు 9 పాయింట్లు ఇచ్చే పద్ధతిలో ఒక లెక్క చూడండి. సమాన క్రెడిట్లున్న మూడు కోర్సుల్లో ఒకమ్మాయికి 79, 79, 79 వచ్చాయి. మొత్తం 237, సగటు పాయింట్లు 8.00. ఇంకొకరికి 80, 70, 70. మొత్తం 220, సగటు 8.33. పదిహేడు మార్కులు తక్కువ వచ్చినవారు ముందు నిలిచారు. ఆ 8.33లోని రెండో దశాంశం దేనికి సాక్ష్యం? క్యాంపస్ ప్లేస్‌మెంట్ కటాఫ్ దగ్గర, విదేశీ విశ్వవిద్యాలయపు దరఖాస్తు దగ్గర ఆ దశాంశమే ఒకరిని లోపలికి పంపి ఇంకొకరిని బయట నిలబెడుతోంది. ఇలా కట్టిన లెక్కను న్యూమరికల్ మెథడ్స్ అసైన్‌మెంట్‌గా ఎవరైనా రాసి తెస్తే మనం సున్నా వేస్తాం. పిల్లల బతుకు మీద మనమే అది రాస్తున్నాం. అసలు మార్కుల్ని చివరి దాకా అలాగే మోసుకెళ్లి, రౌండింగ్ ఒక్కసారే చేయడానికి ఈనాడు ఏ సాంకేతిక అడ్డంకీ లేదు.

కంప్యూటరు చేత దిద్దించడం గురించి. ఇది కొత్త ముచ్చట కాదు. 1965లోనే ఫోర్సైత్, నిక్లాస్ విర్త్ కలిసి విద్యార్థుల ఆల్గాల్ ప్రోగ్రాములను దిద్దే ప్రోగ్రాములను ప్రచురించారు. వాటిలో ఒకటి, సమీకరణాల మూలాలు కనుక్కునే ప్రొసీజర్ ఎంత నమ్మదగినదో, ఎంత తక్కువ పనితో ముగిస్తుందో గట్టిగా పరీక్షించేది. అరవై ఏళ్ల కిందటే వాళ్లకు తోచిందేమిటో గమనించండి. ఒక లెక్కకు జవాబు వచ్చిందా అని చూసి ఊరుకోలేదు. పద్ధతిని కష్టమైన చోటికి తీసుకెళ్లి నిలబడుతుందా అని చూశారు. ఈరోజు మన ల్యాబుల్లో ఆన్‌లైన్ జడ్జి పెట్టి, జవాబుకూ కీకీ తేడా పది లక్షల్లో ఒక వంతు లోపు ఉంటే పాస్ అంటున్నారు. ఎక్స్ వర్గం − 10,00,00,000 ఎక్స్ + 1 = 0 అనే సమీకరణం ఇవ్వండి. చిన్న మూలం పది కోట్లలో ఒక వంతు, 0.00000001. బడిలో నేర్చుకున్న సూత్రంతో డబుల్ ప్రెసిషన్‌లో కడితే 0.00000000745 వస్తుంది, పాతిక శాతం తప్పు. మన జడ్జి దాన్ని పాస్ చేస్తుంది. సున్నా అని రాసినా పాస్ చేస్తుంది. పెద్ద మూలం ముందు కట్టి, దాంతో ఒకటిని భాగించిన తెలివైన పిల్లకూ అదే పాస్. తేడాను జవాబు పరిమాణంతో పోల్చి చూడాలన్నది మొదటి అధ్యాయంలో మనం చెప్పే పాఠం. దిద్దే యంత్రానికి కూడా ఆ పాఠం చెప్పాలి.

జవాబుకే మార్కులు వేసి కూడా గొప్పగా నడిచిన సందర్భం ఒకటుంది, అది చెప్పకపోతే నా మాట ఏకపక్షమవుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో నిక్ ట్రెఫెథన్ తన పరిశోధక విద్యార్థులకు వారానికో ప్రశ్న ఇచ్చేవాడు. ప్రతి ప్రశ్నకూ జవాబు ఒకే ఒక్క సంఖ్య. ఎన్ని అంకెలు తేగలిగితే అన్ని తేవాలి. 2002లో అలాంటివి పది ఎంచి, ఒక్కోదానికి పది అంకెలు అడుగుతూ లోకమంతటికీ పోటీ పెట్టాడు. అంకెకు ఒక మార్కు, మొత్తం నూరు. జట్లుగా చేయవచ్చు, ఏ సాఫ్ట్‌వేరైనా వాడవచ్చు. 25 దేశాల నుంచి 94 జట్లు పాల్గొన్నాయి. 20 జట్లకు నూటికి నూరు వచ్చాయి, ఇంకో అయిదింటికి 99. పోటీదారుల్లో నలుగురు 2004లో ఆ పది లెక్కల మీద ఒక పుస్తకమే రాశారు. అక్కడ మెట్లకు మార్కు లేదు. అయినా ఆ పోటీ నిలిచింది, ఎందుకంటే కీ ఎక్కడా లేదు. పదో అంకె సరైనదని తెలియాలంటే రెండు వేర్వేరు దారుల్లో కట్టి, ఎక్కువ ప్రెసిషన్‌తో మళ్లీ కట్టి సరిపోల్చుకోవలసిందే. పూచీ పడకుండా ఆ మార్కు రాదు. మన దగ్గర సెమిస్టర్‌కు ఒక్క ప్రశ్న ఇలా ఇచ్చి, జట్లుగా చేయమని, నెల రోజులు గడువు పెట్టి చూడండి.

"అరవై మంది క్లాసు, మూడు సెక్షన్లు, ఇవన్నీ ఎవరు దిద్దుతారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నా జవాబు: తక్కువ ఇవ్వండి, బాగా దిద్దండి. అయిదు ప్రశ్నల అసైన్‌మెంట్‌కు సంతకం పెట్టేకన్నా ఒక ప్రశ్నకు మార్జిన్‌లో రెండు వాక్యాలు రాయడం మేలు. రూత్ బట్లర్ ఇజ్రాయెల్‌లో బడి పిల్లల మీద చేసి 1988లో ప్రచురించిన అధ్యయనంలో, మార్కు లేకుండా వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల పని మెరుగుపడింది, ఆసక్తి నిలిచింది. వ్యాఖ్యతో పాటు మార్కు కూడా ఇచ్చినచోట ఆ ప్రయోజనం కనబడలేదు. మార్కు కంటబడ్డాక వ్యాఖ్యను ఎవరు చదువుతారు? కాబట్టి మొదటిసారి కాగితం తిరిగి ఇచ్చేటప్పుడు వ్యాఖ్యే ఉండాలి. వారంలో సరిదిద్ది మళ్లీ ఇచ్చాకే మార్కు వేయాలి.

చాట్‌బాట్ సంగతికీ వేరే ఏర్పాటు అక్కర్లేదు. సెమిస్టర్‌లో ఒకసారి ప్రతి విద్యార్థినీ అయిదు నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టుకుని, తాను ఇచ్చిన హోమ్‌వర్కులోంచే ఒక ప్రశ్న అడగండి. అరవై మందికి అయిదు గంటలు పడుతుంది. మిడ్ పేపర్ల ఇన్విజిలేషన్‌కు మనం ఇంతకన్నా ఎక్కువ గంటలు పెడుతున్నాం. తన కాగితం మీద ఉన్న అంకెను ఎందుకు నమ్మాడో చెప్పగలిగితే, అది ఎవరి సాయంతో వచ్చిందన్నది నాకు ముఖ్యం కాదు. చెప్పలేకపోతే ఆ మార్కు ఆగుతుంది. అయిదుకు బదులు ముప్పై మార్కులు హోమ్‌వర్కుకు ఇవ్వడానికి బోర్డు ఆఫ్ స్టడీస్ ఒప్పుకోవాలంటే ఈ అయిదు నిమిషాలే హామీ.

ఈ సభలో బోర్డు సభ్యులు ఉన్నారు కాబట్టి వచ్చే సెమిస్టర్‌కు ఒక ప్రశ్న ప్రతిపాదిస్తాను. వర్గమూలం ఎక్స్‌ను 0 నుంచి 1 వరకు సింప్సన్ సూత్రంతో ఇంటిగ్రేట్ చేయాలి. మెట్టును సగం చేస్తూ పోవాలి, ప్రతిసారీ దోషం ఎన్నో వంతుకు తగ్గిందో పట్టికలో రాయాలి. సింప్సన్ సూత్రానికి మెట్టు సగమైతే దోషం 16వ వంతు అవుతుందని పుస్తకంలో ఉంది. ఈ ఫంక్షన్‌కు అలా రాదు. ఆ నిష్పత్తి 2.83 దగ్గర ఆగుతుంది, ఎందుకంటే సున్నా దగ్గర దాని అవకలజాలు హద్దు మీరిపోతాయి. పుస్తకంతో సరిపోవడానికి పట్టికలో 16 అని దిద్దుకుని వచ్చేవారు ఉంటారు. మన రికార్డుల అలవాటు వాళ్లకు అదే నేర్పింది. 2.83 అని ఉన్నదున్నట్టు రాసి, కారణం తెలియకపోయినా "పుస్తకంలో ఉన్నట్టు రావడం లేదు, రెండుసార్లు చూశాను" అని కింద రాసిన విద్యార్థికి పదికి ఏడు. సున్నా దగ్గర ఏం జరుగుతోందో చెప్పినవారికి పది. 16 అని దిద్దినవారికి సున్నా. ఈ స్కీమ్‌ను ప్రశ్నతో పాటే అచ్చువేసి, మొదటి వారంలోనే విద్యార్థుల చేతిలో పెట్టవలసిందిగా కోరుతున్నాను.